మిత్రదేశ సైన్యానికి సహాయం: ఈ అంశాన్ని మెయిన్స్ కోసం నేను చదివిన పద్ధతి

సివిల్స్ మెయిన్స్‌కు తెలుగు మాధ్యమంలో సిద్ధమవుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. జనరల్ స్టడీస్ మొదటి పేపరులోని ప్రపంచ చరిత్రకూ, రెండో పేపరులోని అంతర్జాతీయ సంబంధాలకూ నడుమ ఎటూ పూర్తిగా చెందకుండా మిగిలిపోయే అంశాలు కొన్ని ఉంటాయి. ఒక అగ్రరాజ్యం తన మిత్రదేశపు సైన్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి చేసే సహాయం అలాంటిది. దొరికే నోట్సుల్లో చాలావరకు ఇది ట్రూమన్ సిద్ధాంతం, 1947, గ్రీస్, టర్కీ, 40 కోట్ల డాలర్లు అన్న ఒక్క వరుసతో ముగుస్తుంది. ఆ వరుస ప్రిలిమ్స్‌కు సరిపోతుంది గానీ, ప్రశ్న చివర ‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అని కనిపించినప్పుడు దానితో 250 పదాలు నిండవు. అందువల్ల పది దేశాల జాబితా పెట్టుకోకుండా దక్షిణ కొరియాను ఒక్కదాన్నే ఆమూలాగ్రం చదివి, మిగిలిన ఉదాహరణలను దాని పక్కన పెట్టి చూసుకున్నాను. సైనికుడికి జీతం ఎవరిస్తున్నారు, శిక్షణ ఎవరిస్తున్నారు, ఆయుధం పాడైతే ఎవరు బాగుచేస్తున్నారు, ఆ సైన్యం ఎవరి ఆజ్ఞకు కదులుతుంది అన్న నాలుగు ప్రశ్నలు నోట్సు అంచున రాసుకుని, ప్రతి దేశానికీ వాటికే జవాబులు వెతికాను.

కొరియాలో మొదట కనిపించేది వైఫల్యమే. 1949లో అమెరికా తన సేనలను వెనక్కి తీసుకెళ్లి, దాదాపు 500 మందితో ఒక సైనిక సలహాదారుల బృందాన్ని మాత్రం అక్కడ ఉంచింది. ఉత్తరం మీదికి దండెత్తుతానని అధ్యక్షుడు సింగ్‌మన్ రీ బాహాటంగా అంటూ ఉండటంతో, ట్యాంకులు, యుద్ధ విమానాలు చేతికిస్తే అన్నంత పనీ చేస్తాడని వాషింగ్టన్ వెనుకాడింది. 1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు సోవియట్ టి-34 ట్యాంకులతో రెండు కొరియాల సరిహద్దు అయిన 38వ అక్షాంశం దాటి వచ్చినప్పుడు దక్షిణాది సైన్యం దగ్గర ఒక్క ట్యాంకు కూడా లేదు. ఉన్న 57 మిల్లీమీటర్ల ట్యాంకు వ్యతిరేక ఫిరంగులు, భుజం మీంచి పేల్చే 2.36 అంగుళాల బజూకాలు ఆ ట్యాంకుల ముందు కవచాన్ని ఛేదించలేకపోయాయి. మూడు రోజుల్లో సియోల్ పడిపోయింది. ఎంత ఇచ్చారన్న లెక్క కన్నా, ఏ భయంతో కొలిచి ఇచ్చారన్నదే ఇక్కడ అసలు విషయమని నాకు అనిపించింది, జవాబులో కూడా మొదటి పేరాను దానికే కేటాయించేవాణ్ని.

పునర్నిర్మాణం యుద్ధం మధ్యలోనే మొదలైంది. అంతకుముందు గ్రీస్‌లో అమెరికా సైనిక సహాయ బృందాన్ని నడిపిన జనరల్ జేమ్స్ వాన్ ఫ్లీట్ 1951 ఏప్రిల్‌లో కొరియాలో పోరాడుతున్న అమెరికా ఎనిమిదవ సైన్యం బాధ్యత తీసుకున్నారు. ఆ మే నెలలో చైనా దాడికి దక్షిణ కొరియా మూడవ కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన దళం) చెల్లాచెదురైతే, ఆయన ఆ కోర్‌నే రద్దు చేశారు. తర్వాత కొరియా డివిజన్లను ఒక్కొక్కటిగా యుద్ధరేఖ నుంచి వెనక్కి పిలిపించి, తుపాకీ గురి దగ్గర నుంచి మొదలుపెట్టి తొమ్మిది వారాల శిక్షణ ఇప్పించే ఏర్పాటు జరిగింది. వందల మంది అధికారులను అమెరికాలోని ఫోర్ట్ బెన్నింగ్, ఫోర్ట్ సిల్ పాఠశాలలకు పంపారు. అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్ నమూనాలో నాలుగేళ్ల సైనిక అకాడమీని 1952లో జిన్హేలో తెరిచారు. శత్రువు ఎదురుగా ఉండగా డివిజన్లను వెనక్కి తీసి బడిలో కూర్చోబెట్టడం సాహసమే, అయినా ఆ సైన్యం తర్వాత నిలదొక్కుకోవడానికి కొత్తగా వచ్చిన ఫిరంగుల కన్నా ఇదే ఎక్కువ తోడ్పడిందని నా అభిప్రాయం.

డబ్బు సంగతిని చాలామంది వదిలేస్తారు, మార్కులు మాత్రం అక్కడే ఉన్నాయి. యుద్ధ విరమణను అడ్డుకోవడానికి 1953 జూన్‌లో దాదాపు 27 వేల మంది యుద్ధ ఖైదీలను విడిచిపెట్టి మరీ బేరమాడిన రీ, చివరకు అదే ఏడాది అక్టోబరులో పరస్పర రక్షణ ఒప్పందాన్ని సాధించారు. 1954 నవంబరు నాటి అంగీకార పత్రంలో 70 కోట్ల డాలర్ల సైనిక, ఆర్థిక సహాయం, 7 లక్షల 20 వేల సైన్యం ఖరారయ్యాయి. అంత సైన్యాన్ని పోషించే పన్నుల రాబడి ఆ దేశానికి లేదు. సహాయంగా వచ్చిన సరుకులను దేశంలో అమ్మగా వచ్చిన స్థానిక కరెన్సీని ఒక నిధిలో జమచేసి, అందులో పెద్ద భాగాన్ని రక్షణ బడ్జెట్‌కు మళ్లించేవారు. అంటే అమెరికా గోధుమలు, పత్తి చివరకు కొరియా సిపాయి జీతమయ్యేవి.

దీని మరో ముఖం కూడా రాయాలి. దేశంలో అన్ని సంస్థల కన్నా సైన్యమే బలమైనదిగా, క్రమశిక్షణ కలదిగా తయారైనప్పుడు అధికారం అటే వెళ్లింది. 1961 మే 16న సైన్యాధికారి పార్క్ చుంగ్-హీ కుట్ర చేసి ప్రభుత్వాన్ని కూలదోశారు. ఆ నాలుగేళ్ల అకాడమీ నుంచి 1955లో బయటికి వచ్చిన తొలి బ్యాచ్‌లోనే తర్వాతి పాలకులు చున్ డూ-హ్వాన్, రో టే-వూ ఉన్నారు. శాంతికాలంలో ఆ సైన్యాన్ని కదిలించే అధికారం (కార్యాచరణ నియంత్రణ) అమెరికా కమాండర్ చేతి నుంచి సియోల్‌కు తిరిగి వచ్చింది 1994 డిసెంబరు 1న మాత్రమే.

అశోక్‌నగర్ రీడింగ్ రూం బయట టీ తాగుతూ ఈ అంశంపై మేం వాదించుకునేటప్పుడు ఒక మిత్రుడు గట్టి అభ్యంతరం లేవనెత్తాడు. ‘‘కొరియా నిలబడింది సహాయ ప్రణాళిక వల్ల కాదు బాస్, అమెరికా సైన్యం అక్కడే ఉండిపోవడం వల్ల,’’ అన్నాడు. కొట్టిపారేయదగ్గ మాట కాదది, ఇప్పటికీ అక్కడ దాదాపు 28,500 మంది అమెరికా సైనికులు ఉన్నారు. అయితే ఆఫ్ఘనిస్తాన్‌తో పోల్చి చూస్తే ఆ వాదన సగమే నిలుస్తుంది. అక్కడ కూడా అమెరికా సేనలు ఇరవై ఏళ్లు ఉన్నాయి, ఆఫ్ఘన్ బలగాలపై దాదాపు 9 వేల కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. కానీ కాగితం మీదే ఉండి జీతం తీసుకునే ‘దెయ్యపు సైనికుల’ సమస్య తీరలేదు. తమ మెకానిక్‌లకు అలవాటైన రష్యా ఎంఐ-17 హెలికాప్టర్ల స్థానంలో అమెరికా బ్లాక్ హాక్‌లు వచ్చాక నిర్వహణ దాదాపు పూర్తిగా విదేశీ కాంట్రాక్టర్ల చేతికి పోయింది. తాలిబన్లతో అమెరికా కుదుర్చుకున్న 2020 ఫిబ్రవరి దోహా ఒప్పందం ప్రకారం ఆ కాంట్రాక్టర్లు కూడా వెళ్లిపోవడంతో విమానాలు నేలకే పరిమితమయ్యాయి, 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల వశమైంది. నా నాలుగు ప్రశ్నల్లో మూడోది, అంటే ఆయుధం పాడైతే ఎవరు బాగుచేస్తున్నారన్నది, ఎందుకు ముఖ్యమో ఈ ఉదాహరణతో రెండు వాక్యాల్లో చెప్పవచ్చు.

భారత్ గురించి అడిగితే 1962ను మరవకండి. చైనా యుద్ధం తర్వాత ఆ డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు కెనడీ, బ్రిటన్ ప్రధాని మాక్‌మిలన్ బహమాస్‌లోని నసావులో 12 కోట్ల డాలర్ల అత్యవసర సహాయానికి అంగీకరించారు. కొత్త మౌంటెన్ డివిజన్లకు అది ఉపయోగపడింది. మనం మిత్రకూటమిలో చేరకుండానే దాన్ని తీసుకున్నాం, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం రాగానే అమెరికా ఉభయ దేశాలకూ ఆయుధాలు ఆపేసింది. సోవియట్ ఆయుధాల వైపు మన మొగ్గు ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు ఇది తప్పనిసరి నేపథ్యం. ఇప్పుడు మనమే దాతలం: 2023లో వియత్నాంకు ఐఎన్ఎస్ కిర్పాణ్ యుద్ధనౌకను బహూకరించాం.

మూడో పేపరులో రక్షణ రంగ స్వదేశీకరణపై ప్రశ్న వచ్చినా కొరియా పనికొస్తుంది. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ కొరియాలోని తన సేనల్లో ఒక డివిజన్‌ను 1971లో వెనక్కి పిలిపించే సమయానికి, 1970లోనే సియోల్ సొంత రక్షణ పరిశోధన సంస్థను నెలకొల్పింది. ఆ దారిలో తయారైన కె9 ఫిరంగినే 2017 ఒప్పందం కింద ఎల్ అండ్ టీ గుజరాత్‌లోని హజీరాలో ‘వజ్ర’ పేరుతో మన సైన్యానికి వంద తయారుచేసి ఇచ్చింది.