కరిష్యే అని నీళ్లు ముట్టాక

ఆచమనం, ప్రాణాయామం అయ్యాక చెప్పేది సంకల్పం. చాలా ఇళ్లలో ఇప్పుడు దాన్ని ఫోన్‌లోని పంతులుగారి గొంతే చెప్పేస్తోంది. ఆయన 'శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే' అంటే నైరుతిన ఉన్నవాళ్లూ తలూపుతున్నారు. తిథీ నిరుటిదే, సంవత్సరం పేరూ నిరుటిదే. గోత్రం దగ్గర ఆయన ఆగినంతలో మన పేరు ఇరికించి, అయిపోయిందనుకుంటాం. ఫలానా చోట, ఫలానా రోజున, ఫలానావాణ్ణి నేను ఈ పని చేస్తానని మాట ఇచ్చే ఘట్టమిది. ఊరూ తేదీ తప్పు రాసిన పత్రం ఎక్కడైనా చెల్లుతుందా?

అంతకన్నా పెద్ద తేడా 'కరిష్యే', అంటే 'చేస్తాను' అనే దగ్గర వస్తుంది. 'ధ్యానావాహనాది షోడశోపచార పూజాం కరిష్యే' అని నీళ్లు ముట్టుకుంటాం. ఆ వెంటనే పాద్యం, అర్ఘ్యం, ఆచమనీయం మూడూ ఒక్క ఉద్ధరిణెడు నీళ్లతో సరి. 'ధూపమాఘ్రాపయామి' అనేసరికి అగరొత్తి ఇంకా వెలిగించి ఉండదు. నైవేద్యం పొయ్యి మీదే ఉంటుంది. షోడశోపచారాలంటే పదహారు సేవలు, అన్నీ చేస్తామన్నది మన నోరే కదా!

తీరిక లేకపోవడం తప్పు కాదు. పెద్దలు దానికీ దారి చూపారు. 'పంచోపచార పూజాం కరిష్యే' అనండి. గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం, ఈ ఐదూ నిండుగా చేయండి. వస్త్రం లేకపోతే 'వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి' అనమన్నారు. ఎంత నిజాయితీ అండీ అది! బట్ట లేదు స్వామీ, బదులుగా ఈ అక్షతలు తీసుకో అని ఎదుటే ఒప్పుకోవడం. అవే అక్షతలు వేస్తూ 'వస్త్రయుగ్మం సమర్పయామి' అంటే మాత్రం దేవుడి ముందే బొంకినట్టు. అందుకే కూర్చునే ముందే పంచాంగం చూసి సంవత్సరం, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం కాగితం మీద రాసుకోండి. పళ్లెంలో ఏమున్నాయో చూసుకుని, ఎన్ని ఉపచారాలు జరుగుతాయో తేల్చుకుని, అప్పుడు నోరు విప్పండి.

మొక్కుల సంగతీ ఇంతే. సత్యనారాయణ వ్రతకథలో సాధువనే వైశ్యుడు సంతానం కలిగితే వ్రతం చేస్తానన్నాడు. కళావతి పుట్టింది. భార్య లీలావతి గుర్తుచేస్తే, పిల్ల పెళ్లికి చేద్దాంలే అన్నాడు. పెళ్లీ అయింది, వ్రతం కాలేదు. తర్వాత స్వామే దండి, అంటే దండం పట్టిన సన్యాసి, వేషంలో వచ్చి పడవలో ఏముందని అడిగితే ఆకులూ తీగలూ అన్నాడు. ఉన్న ధనమంతా ఆకులే అయింది. మాట దాటేయడం మరిగిన నోటికి అబద్ధం ఎంతసేపు?

అక్షతలు చేత పట్టుకుని ఆ కథ వింటున్నప్పుడే మీరు వాయిదా వేసిన మొక్కులు తలచుకోండి. తలనీలాలో, అన్నదానమో, ఏదైనా సరే, తేదీ వేసుకోండి. ఇంట్లో పనిచేసే ఆమెకు పోయిన పండక్కి ఇస్తామన్న చీర కూడా ఆ లెక్కలోదే. ముందు అది ఇచ్చేయండి.