ఉలి గాట్లు

ఈ పొద్దు మా జీపు రిపేరు చేసే షెడ్డాయన ఉలీ సుత్తీ చేతికి తీసుకునేసరికి నాకు ప్రాణం చివుక్కుమనింది. వెనక ఇరుసును తిప్పే కడ్డీ బిగించే ఫ్లాంజి ఊడొచ్చింది గానీ, దాని వెనక ఆయిలు కారకుండా ఆపే పినియన్ సీలు మాత్రం తుప్పుతో హౌసింగుకు, అంటే గేర్లుండే డొప్పకు, అతుక్కుపోయుండాది. "రెండు దెబ్బలేస్తే అదే వస్తాది సామీ" అన్నాడు. వద్దన్నా. సీలు పోతే కొత్తది కొనుక్కోవచ్చు, హౌసింగు గీసుకుంటే ఆ గీతలోనుంచే మళ్ళా ఆయిలు కారతాది. దానికి ఆయనకు కోపం. "అయితే మీరే పీక్కోండి" అని టీకి పోయినాడు. షెడ్డు నిండా సామానుంది, పట్టపగలు, వెలుతురుంది, అయినా ఉలే కావాల!

పిల్లోడు డ్రిల్లు తెచ్చిచ్చినాడు. వెనకాలే బేరింగుంటాది కాబట్టి లోతుకు పోకుండా, రజను లోపల పడకుండా బిట్టుకు గ్రీజు పూసి, సీలు రేకుకు ఎదురెదురుగా సన్న బెజ్జాలు వేసినాం. వాటిలో స్క్రూలు సగం దాకా బిగించి, కింద చెక్కముక్క ఆనించి, ప్లయరుతో ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క లాగినాం. కిర్రుమని కదిలింది. రబ్బరు పెదవిని గోటితో నొక్కితే ఎండిన చింతకాయ పెంకు మాదిరి పుటుక్కుమనింది. దాని వెనకుండే స్ప్రింగు చుట్టు తుప్పు పట్టి తెగిపోయుండాది.

టార్చి వేసి చూస్తే హౌసింగు అంచున పాత ఉలి గాట్లు! ఎవరు చేసినారో అని ఇంటికొచ్చేదాకా తిట్టుకుంటానే ఉన్నా. అమ్మతో అంటే, "పాకాల దాటినాక నిలబడిపోలేదా, ఆ రాత్రి" అనింది.

ఆ రాత్రి ఇదే జీపు నిండా తోతాపురి కాయలు, దామలచెరువు మండీకి. తెల్లారేసరికి చేరకపోతే ధర దక్కదు. నేను కాయల మీద పరిచిన గోనెపట్టాపై పండుకున్నా. వెనక చక్రాల కాడ నుంచి గేర్ ఆయిలు వాసన, దాంట్లో కలిపే గంధకానిది, ముక్కు పగిలేట్టు. నాయన ఎవరినో నిద్రలేపి తెచ్చినాడు. ఆయన లుంగీ ఎగగట్టి, లాంతరు నేల మీద పెట్టి, జీపు కింద దూరినాడు. ఉలి చప్పుడు నాకిప్పటికీ గుర్తే. ఎంతిచ్చినా తీసుకోకుండా నాలుగు కాయలు ఏరుకుని పోయినాడు. నాయన ఆ ఏడంతా ఆయన్ని తలుచుకుంటానే ఉన్నాడు.

ఆ మనిషినా నేను పొద్దుగూకులూ తిట్టుకునింది? ఆయన చేతిలో ఉన్నది ఆ ఉలొక్కటే. ఆ గాట్ల మీద నాకింక కోపం లేదు, సన్న ఆకురాయితో అంచు నున్నగా చేసుకుంటా. షెడ్డాయన మీద మాత్రం పోలేదు. ఇరుసు లోపలి గాలి బయటికి పోయే బెజ్జం, బ్రీదరు, మట్టితో మూసుకుపోయుంటే చూడనన్నా చూడలేదు. వేడికి లోపలి గాలి పెరిగి, పోయే దారి లేక, ఆయిల్ను సీలు సందులోనుంచే తోస్తాది. అది శుభ్రం చేయకుండా కొత్త సీలు వేస్తే అదీ కారతాది.

ఫ్లాంజి మీద పాత సీలు రాసుకుని పడిన గాడి గోటికి తగలతా ఉంది. రేపు దాని మీద తొడిగే సన్న రేకు గొట్టం, స్లీవు, దొరికితే సరి, లేకపోతే కొత్త సీలును రవ్వంత పక్కకు కూర్చోబెట్టాల, స్ప్రింగుండే వైపు లోపలికి పెట్టి. తొంభై నంబరు గేర్ ఆయిలు కూడా తేవాల. తమ్ముడు జీతం రోజు కదా, వాణ్ణే అడుగుతా.