గంజాం తీరంలో పెద్దవల లాగే వేళకు వెళ్ళాలంటే

ఒడిశా గంజాం జిల్లాలోని గోపాల్‌పూర్ వచ్చేవాళ్ళలో చాలామంది లైట్‌హౌస్ చూసి, బీచ్ రోడ్డు మీద నాలుగడుగులు నడిచి, చీకటి పడేసరికి బరంపురం వెళ్ళిపోతారు. అసలు చూడవలసింది, ఒడ్డు నుంచి జట్లుగా లాగే పెద్దవల, ఆ బీచ్‌కి అటూ ఇటూ ఉన్న వాడబలిజల, జాలర్ల ఊళ్ళలో ఉంది. అదీ పొద్దున పూట మాత్రమే. ఎండెక్కాక వెళ్తే ఒడ్డుకు లాగిన పడవలూ ఆరేసిన వలలూ తప్ప ఏమీ ఉండవు, మనుషులు నిద్రలో ఉంటారు. ఈ ఊళ్ళకు మన వీలు చూసుకుని కాదు, పడవల వీలు చూసుకుని వెళ్ళాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇచ్ఛాపురం దాటాక బాహుదా నది సముద్రంలో కలిసే సోనాపురం మొదలు, గోపాల్‌పూర్, ఆర్జిపల్లి మీదుగా ఋషికుల్య ముఖద్వారం దగ్గరి పొదంపేట దాకా వేటకెళ్ళే ఇళ్ళలో ఇప్పటికీ వినబడేది తెలుగే. ఒడియా వాళ్ళు వీళ్ళను నోలియాలంటారు. ఒడ్డు మీద బేరం రెండు భాషల్లోనూ సాగిపోతుంది. మనకు మధ్యవర్తి అక్కర్లేదు; పెద్దవాళ్ళను బాబాయ్ అనో పిన్ని అనో, ఈడువాళ్ళను అన్న అనో పలకరించి ‘ఈపూట వల వేస్తారా?’ అని అడిగితే విషయం తేలిపోతుంది. ఈ మాట ముందురోజు సాయంత్రమే అడిగి పెట్టుకోవాలి. బరంపురం స్టేషన్ నుంచి గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లు. పగలు బస్సులూ ఆటోలూ ఉంటాయి, తెల్లవారుజామున నమ్ముకోలేం. రాత్రి గోపాల్‌పూర్‌లోనే ఉండిపోవడం మేలు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది, కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు గుంపులుగా ఒడ్డు దగ్గరకొస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతా వేట నిషేధం, పెద్ద మరపడవలు కదలవు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలలు పెద్దవి, దిగేవాళ్ళు తక్కువ. అక్టోబరు తుఫాన్ల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే, 2018 అక్టోబరు 11న తిత్లీ కొంచెం దిగువన దాటింది. రైలు టికెట్టు ఉంది కదా అని బయల్దేరకుండా హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ ఇచ్చే అలల సూచన చూసుకోండి. గోపాల్‌పూర్ ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ఆ పూట వేట లేనట్టే.

ఒడ్డున ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ఫైబర్ బోట్లు, వెనకవైపు మోటారుతో. తెప్పలు తగ్గాయి. దుంగలను చెక్కి పక్కపక్కనే పేర్చి తాళ్ళతో బిగిస్తే తెప్ప. వేట నుంచి వచ్చాక కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఎండకు ఆరేస్తారు. ఎందుకంటే నీళ్ళు పీల్చిన దుంగ బరువెక్కి మర్నాడు తేలదు. ఎక్కడైనా కుట్టు పడవ కనబడితే మాత్రం కాసేపు ఆగి దగ్గర నుంచి చూడండి. దానికి ఒక్క మేకు ఉండదు, లోపల అడ్డకమ్మీలూ ఉండవు. పలకల అంచుల వెంట వరుసగా రంధ్రాలు తొలిచి, రెండు పలకలు కలిసే చోట కొబ్బరి పీచు దట్టించి, ఆ పీచు మీదుగా కొబ్బరి తాడు అటూ ఇటూ లాగి కుడతారు. ఇక్కడి అల ఒడ్డు మీదే విరుగుతుంది, పడవ దాదాపు ఎత్తి కొట్టినట్టుగా ఇసుక మీద పడుతుంది. మేకులు కొట్టిన గట్టి పడవైతే ఆ దెబ్బకు పలక పగులుతుంది. కుట్టు పడవ ఒళ్ళు వంచుకుంటుంది, దెబ్బ కుట్టంతా పంచుకుంటుంది. దీనికీ ఓ లోటుంది. కుట్ల సందుల్లోంచి నీరు ఊరుతూనే ఉంటుంది కనుక ఒకరు తోడిపోస్తూనే ఉండాలి. ఉప్పునీటిలో నానీ ఎండీ తాళ్ళు చివికిపోతాయి, ఊడదీసి మళ్ళీ కుట్టాల్సిందే. అంత పని ఎవరు చేస్తారు, ఫైబర్ వచ్చింది. అందుకు జాలర్లను తప్పుపట్టడానికి లేదు.

ఇక పెద్దవల. కొన్నిచోట్ల అలివి వల అంటారు. వల మధ్యలో సన్న కన్నుల (రంధ్రాల) సంచి, దానికి రెండువైపులా పొడుగాటి రెక్కలు, రెక్కల చివర వందల గజాల తాడు. సంచి నుంచి దూరం పోయేకొద్దీ కన్ను పెద్దదవుతుంది. పై అంచుకు బెండ్లు, కింది అంచుకు బరువులు. ఒక తాడు కొస ఒడ్డున మనుషుల చేతిలో వదిలి పడవ లోపలికి వెళ్తుంది. అర్ధచంద్రాకారంగా వల జారవిడుస్తూ తిరిగి, రెండో తాడు కొసను ఒడ్డు వెంట చాలా దూరంలో తెచ్చి ఇస్తుంది. అక్కడి నుంచి రెండు జట్లు లాగుడు మొదలుపెడతాయి. లాగుతూనే ఒకదానివైపు ఒకటి జరుగుతూ వస్తాయి. రెండు గంటలు తక్కువ కాకుండా పడుతుంది. వల పెద్దదైతే ఇంకా ఎక్కువ.

చూడవలసింది ఆ జట్ల నడక. ఒక జట్టు తొందరపడి ముందుకు లాగిందంటే సంచి నోరు పక్కకు తిరుగుతుంది, చేప వల రెక్క వెంట జారిపోతుంది. అందుకే ఒక పెద్దాయన మధ్యలో నిలబడి బెండ్ల వరుస చూస్తూ అటు ఆగమనీ ఇటు లాగమనీ కేకలేస్తుంటాడు. కింది అంచు నేలను అంటి రావాలి. మరీ ఎత్తి లాగితే అడుగున సందు పడుతుంది, రొయ్యలూ గులివింద చేపలూ ఆ సందులోంచే పోతాయి. ఒడ్డు వెంట పారే నీటి ఉరవడి ఎక్కువగా ఉన్న రోజు వల మొత్తం ఒక పక్కకు కొట్టుకుపోతుంది, జట్లు రెండూ తాళ్ళు పట్టుకుని ఇసుకలో పరుగులాంటి నడక నడవాల్సి వస్తుంది. జెల్లీఫిష్ దండుగా వచ్చిన రోజు సంచి బరువుకు చినిగే పరిస్థితి, చేప మాత్రం గుప్పెడే.

తాడు పట్టుకోవాలని ఉంటే అడగండి, సాధారణంగా కాదనరు. తాడును మణికట్టుకు చుట్టుకోవద్దు. అల వెనక్కి తీసినప్పుడు వల బరువంతా ఒక్కసారిగా తాడు మీదకు వస్తుంది, చుట్టుకున్న చెయ్యి వదిలించుకోలేరు. రెండు అరచేతులతో పట్టి, ఒళ్ళు వెనక్కి వాల్చి, అల ముందుకొచ్చినప్పుడు లాగి, వెనక్కి పోయేటప్పుడు బిగబట్టి నిలబడడమే పద్ధతి. బిగిసిన తాడును దాటకండి. చెప్పులతో వల తొక్కడం, పడవ ముక్కు మీద కూర్చోవడం అస్సలు వద్దు. ఆ ముక్కుకు పసుపూ కుంకుమా పెట్టి గంగమ్మను తలుచుకుని దిగుతారు వాళ్ళు. బోటు ఒడ్డుకు వచ్చేటప్పుడు దానికీ ఒడ్డుకూ మధ్య నిలబడి ఫొటో తీయడం అన్నిటికంటే ప్రమాదం. వెనక నుంచి వచ్చే అల బోటును అడ్డం తిప్పిందంటే తప్పుకునే వ్యవధి ఉండదు.

సంచి ఒడ్డెక్కాక ముందు తాబేలుంటే వదిలేస్తారు, తరవాత ఏరుడు. ఖర్చులు పోగా వచ్చినదాంట్లో వలకూ పడవకూ కొంత, లాగినవాళ్ళకు వాటాలు. లెక్క ఊరికో రకం. అమ్మకం ఒడ్డు మీదే, తట్టల లెక్కన వేలంపాట. పాట నడుస్తుండగా తట్టలో చెయ్యిపెట్టి చేప ఎత్తి చూడడం మర్యాద కాదు. పడవ యజమానిని పక్కకు పిలిచి ఎక్కువిస్తానన్నా ఇవ్వడు, అలా అడగొద్దు కూడా. చాలా బోట్లకు మోటారుకో వలకో అప్పిచ్చిన వ్యాపారి ఒకరుంటారు, చేప వారికే పోవాలన్నది ముందే జరిగిన ఒప్పందం. మనకు కావలసిన కిలో రెండు కిలోలు పాట అయ్యాక ఆడవాళ్ళ దగ్గర కొనుక్కోవాలి. చిల్లర దగ్గరుంచుకోండి.

ఒడ్డున కొన్నాం కదా అని తాజా అనుకోవద్దు, రాత్రంతా బోటులో ఉన్న చేప కావచ్చు. కళ్ళు ఉబ్బి మెరుస్తుండాలి, మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కిన గుంట వెంటనే పూడాలి. కవళ్ళ పొట్ట చిట్లి ఉంటే వదిలేయండి. కానాగంతలు, కోనాం, ట్యూనా విషయంలో ఇంకా జాగ్రత్త. ఇవి ఎండలో ఉన్నకొద్దీ వీటి కండలో హిస్టమిన్ తయారవుతుంది. ఎంత ఉడికించినా అది పోదు, వాసనతోనూ తెలియదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దద్దుర్లు వచ్చి, తలనొప్పి పట్టుకుంటుంది. అలా అయితే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఐసు ఎక్కని చేప ఈ రకాల్లో కొనొద్దు. రైల్లో తీసుకెళ్ళాలంటే పేగు తీయించి, కడిగి, రెండు కిలోల చేపకు రెండు కిలోల ఐసు, ఒక వరస ఐసు ఒక వరస చేప చొప్పున థర్మకోల్ పెట్టెలో సర్దాలి. మందపాటి పాలిథిన్ కవరు లోపల వేయకపోతే నీళ్ళు కారి పక్కవాళ్ళతో గొడవ. విశాఖ దాకా ఇది సరిపోతుంది, హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు మధ్యలో ఐసు మార్చాలి.

స్నానం సంగతి. గోపాల్‌పూర్ ఒడ్డు ఏటవాలు, నాలుగడుగుల్లో లోతు వస్తుంది. అలలు విరిగే చోట్ల మధ్యలో ఒకచోట అల విరగకుండా నునుపుగా, ఇసుక రంగు నీళ్ళు లోపలికి పోతుంటే అది సముద్రంలోకి లాగే ప్రవాహం. కొత్తవాళ్ళు ప్రశాంతంగా ఉందని సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకుండా, ఒడ్డు పక్కగా ఈది లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈత వచ్చినా నోలియాల తోడు లేకుండా మోకాలు దాటి దిగొద్దు. ఇసుకలో టేకు చేప (స్టింగ్‌రే) ముల్లు గుచ్చుకుంటే చర్మం ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో అరగంటకు పైగా పాదం ఉంచితే నొప్పి దిగుతుంది, తరవాత ఆసుపత్రి.

పొదంపేట వైపు వెళ్ళేవాళ్ళకు. ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల సంఖ్యలో గుడ్లు పెట్టేది మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర పైన పడుతుంది. నవంబరు 1 నుంచి మే 31 వరకు అక్కడి 20 కిలోమీటర్ల సముద్రంలో యాంత్రిక పడవల వేట నిషేధం. రాత్రిపూట అటవీశాఖ వాళ్ళను అడగకుండా ఇసుకలోకి దిగొద్దు. టార్చి, ఫ్లాష్, ఫోను వెలుతురు ఏదీ వద్దు. తల్లి వెనక్కి తిరిగిపోతుంది, పిల్లలైతే వెలుతురే సముద్రమనుకుని ఊరివైపు నడుస్తాయి. పాత పొదంపేట చాలావరకు సముద్రం కోసుకుపోయి జనం లోపలికి తరలిపోయారు. కూలిన గోడల మీదెక్కి ఫొటోలు దిగకండి, అవి ఎవరో బతికిన ఇళ్ళు.

తిరుగు ప్రయాణంలో ఎండు చేపలు కొంటారు చాలామంది. నెత్తళ్ళకు ఉప్పక్కర్లేదు, గట్టి ఎండలో ఒకటి రెండు రోజులకే గలగలలాడతాయి. ఇసుక మీద ఆరినవాటికంటే పాత వల పరిచో, మంచె మీదో ఆరబెట్టినవి కొంచెం ధర ఎక్కువైనా తీసుకోండి. గుప్పెడు తీసి తెల్లగుడ్డలో దులిపితే ఇసుక ఎంతుందో తేలిపోతుంది. పెద్ద చేపను చీల్చి, పేగు తీసి, మూడు నాలుగు పాళ్ళ చేపకు ఒక పాలు ఉప్పు పట్టించి ఊరనిచ్చి ఎండబెడతారు. దాని మీద గులాబీ రంగు మరకలుంటే ఉప్పులో బతికే సూక్ష్మజీవి పట్టిందని గుర్తు, కొనొద్దు. ముక్కు మండించే ఘాటు వాసన వచ్చినా అంతే. ఇంటికి రాగానే ఒకపూట మళ్ళీ ఎండకు పెట్టి, చల్లారాక బిగుతు మూత డబ్బాలో పోసుకోండి. వేడి మీదే మూత పెడితే లోపల చెమ్మ పట్టి వారంలో బూజు వస్తుంది.