నోటు వెనుక చెల్లు

మా అక్క కొడుకు వర్జీనియాలో ఉంటాడు, అమెరికా పౌరుడు. మొన్న సంక్రాంతికి అమలాపురం వచ్చినప్పుడు, అందరూ పడుకున్నాక నా పక్కన అరుగు మీద కూర్చుని, "మావయ్యా, అప్పు సంగతి రాయకుండా వదిలేస్తే ఏమవుతుంది?" అని అడిగాడు. రక్షణ శాఖ పనులు చేసే ఒక కంపెనీ అతనికి ఉద్యోగం ఇస్తానంది. అయితే దానికి సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసేందుకు ఇచ్చే అనుమతి, కావాలి. మధ్యలో ఎనిమిది నెలలు పని లేక, ఆసుపత్రి బిల్లు ఒకటి వసూళ్ల ఏజెన్సీకి చేరింది, క్రెడిట్ కార్డు బాకీ పేరుకుంది.

ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నవాణ్ణి కనుక ఆ క్లియరెన్స్ నిబంధనలను నేనూ అతనితో కూర్చుని చదివాను. 2017 నుంచి అమలులో ఉన్న పదమూడు మార్గదర్శకాలలో ఒకటి పూర్తిగా డబ్బు వ్యవహారాలదే. ఇంత అప్పు దాటితే అనర్హుడన్న అంకె అందులో లేదు. పీకల దాకా మునిగినవాడు డబ్బు కోసం రహస్యాలు అమ్ముకోవచ్చునన్నదే అమెరికా ప్రభుత్వం భయం. ఆ భయం ఊరకే పుట్టలేదు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో పనిచేస్తూ, అప్పుల ఒత్తిడిలో 1985లో సోవియట్లకు రహస్యాలు అమ్మడం మొదలుపెట్టిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1994లో గానీ పట్టుబడలేదు.

క్లియరెన్స్ కోసం నింపే ఎస్ఎఫ్-86 అనే ఫారంలో గత ఏడేళ్లలో 120 రోజులకు మించి బకాయిపడిన అప్పులను అడుగుతారు. ఉద్యోగం పోవడం, జబ్బు చేయడం, విడాకుల వంటి తన చేతిలో లేని కారణాల వల్ల అప్పు పడి, ఆ తర్వాత బాధ్యతగా తీరుస్తూ వచ్చినవాడికి అది అనుకూలంగా లెక్కకు వస్తుంది. తెలిసి దాచిపెడితే మాత్రం అది వేరే నేరం, ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. మన కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమావళిలోని 17వ నియమం కూడా, అప్పు వసూలుకు కోర్టులో దావా పడితే ఆ సంగతిని ఉద్యోగే వెంటనే ప్రభుత్వానికి తెలియజేయాలంటుంది.

అప్పుడు లోపలికి వెళ్లి, మా నాన్నగారి పాత ప్రామిసరీ నోటు తెచ్చి చూపించాను. తుపానుకు కొబ్బరితోట పడిపోయిన ఏడాది రాసిన నోటు అది. ముందువైపు రెవెన్యూ స్టాంపు మీద ఆయన సంతకం. వెనుకవైపు, కొంత కొంత కట్టినప్పుడల్లా రాసిన చెల్లులు ఒకదాని కింద ఒకటిగా పదకొండు, ప్రతిదానికీ తేదీ, మొత్తం, మళ్లీ సంతకం. కొన్ని చెల్లులు యాభై రూపాయలే. గడువులోగా అలా చెల్లు రాసి సంతకం చేసిన ప్రతిసారీ దావా వేయడానికి ఉన్న మూడేళ్ల కాలపరిమితి మళ్లీ మొదటికి వస్తుందని, అంటే అప్పు ఇచ్చినవాడి హక్కును తానే బతికిస్తున్నానని ఆయనకు బాగా తెలుసు. అయినా రాశారు. నాకు ఆ నోటు ముందువైపు కంటే వెనుకవైపే ఎప్పుడూ విలువైనదిగా కనిపిస్తుంది.

మేనల్లుడు దానిని చాలాసేపు దీపం వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. తిరిగి వెళ్లాక ఆసుపత్రితో వాయిదాలు మాట్లాడుకుని, ఫారంలో రెండు అప్పులనూ రాసి, కట్టిన రసీదులను జతచేశానని ఫోను చేశాడు. విచారణ ఇంకా నడుస్తోంది. మూడో వాయిదా రసీదు నిన్న రాత్రి నాకు కూడా పంపాడు.