తాతయ్య రేడియో లైసెన్సు

మొన్న తెనాలిలో పాత ఇల్లు సర్దుతుంటే ట్రంకు పెట్టె అడుగున తాతయ్య రేడియో లైసెన్సు పుస్తకం దొరికింది. రేడియో వినడానికి లైసెన్సేంటి అని మా పిల్లలు నమ్మలేదు, కానీ నిజంగానే అప్పట్లో ఏటా పోస్టాఫీసుకెళ్ళి డబ్బులు కట్టి స్టాంపు వేయించుకోవాలి, ఆ పద్ధతి 1980ల దాకా ఉంది.

పుస్తకం చేతికివ్వగానే నాన్నమ్మ చాలాసేపు దాన్ని అలా నిమురుతూ కూర్చుంది. అది వాల్వుల రేడియో అంట, ఆన్ చేశాక వేడెక్కి మాట రావడానికి కాసేపు పట్టేది, ఈలోపు చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి అరుగు మీద సర్దుకునేవాళ్ళట. పొద్దున బెజవాడ స్టేషన్, తర్వాత ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు, సిలోన్ పాటలు. 1964 మే 27న నెహ్రూ గారు పోయారన్న వార్త అందులోనే విన్నారు, ఆ సాయంత్రం మా వీధిలో చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలిగించలేదంట. మరుసటి ఏడు యుద్ధం, తిండిగింజల కొరత, శాస్త్రి గారు వారానికో పూట మానమంటే నాన్నమ్మ సోమవారం రాత్రి అన్నం మానేసింది, ఇప్పటికీ సోమవారం రాత్రి తినదు, నేనేమో ఇన్నేళ్ళూ అది శివుడి ఉపవాసం అనుకున్నా!

పుస్తకం నాకిస్తావా అంటే ఇవ్వలేదు. దిండు కింద పెట్టుకుంది.