పడవ ఎందుకు జారుతుందో నాకు చెప్పకండి

వచ్చే డిసెంబరులో ఫ్లోరిడాలో ఉన్న మా అన్నయ్య ఇంటికి మళ్ళీ వెళ్తున్నాను. ఓర్లాండో దగ్గర డిస్నీవారి వినోద పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 2019లో నేను రెండుసార్లు ఎక్కిన స్ప్లాష్ మౌంటెన్ అనే రైడ్ ఇప్పుడు లేదు. అందులో పడవలో కూర్చుంటే, నీటి కాలువ వెంట బొమ్మల కథ చూపిస్తూ కొండలోకి తీసుకుపోయి, చివర కిందికి జార్చేవారు. 2023 జనవరిలో దానిని మూసివేసి, అదే కొండను, అదే నీటి కాలువను ఉంచుకుని, లోపలి కథనంతా మార్చి, 2024 జూన్ 28న టియానాస్ బయూ అడ్వెంచర్ అనే పేరుతో తెరిచారు. అప్పటినుంచి ఇప్పటివరకు లోపల ఏముందో నేను చూడలేదు, ఎవరినీ చెప్పనివ్వలేదు. పర్లాకిమిడిలో కూర్చున్నవాడికి ఇదేమంత కష్టమని మీరు అడగవచ్చు. ఎక్కడున్నా ఫోన్ చేతిలోనే ఉంటుంది కదా! పాత రైడ్ గురించి ఒక్కసారి వెతికిన పాపానికి, కొత్త రైడ్‌ను మొదటినుంచి చివరిదాకా చిత్రీకరించిన వీడియోలను యూట్యూబ్ రోజూ నా ముందు పరుస్తోంది. వీడియో తెరవకపోయినా తంబ్‌నెయిల్ సగం కథ చెప్పేస్తుంది కనుక, ఆ కొండ అంచు కనబడగానే 'ఆసక్తి లేదు' అని నొక్కుతున్నాను. నాకున్నంత ఆసక్తి మా వీధిలో మరెవరికీ లేదన్నది వేరే సంగతి.

కథను మార్చిన కారణం నాకు తెలుసు, అది సబబేనని నా అభిప్రాయం. పాత రైడ్‌కు ఆధారం 1946 నాటి సాంగ్ ఆఫ్ ది సౌత్ చిత్రంలోని కార్టూన్ భాగాలు. బానిసత్వం ముగిసిన తరువాత నల్లజాతివారు పనిచేసిన తోటల జీవితాన్ని తీపి పూసి చూపించిందని ఆ చిత్రం మీద ఎంతోకాలంగా విమర్శ ఉంది. అమెరికాలో దానిని ఇళ్ళలో చూసుకునే వీడియోగా డిస్నీ ఎన్నడూ విడుదల చేయలేదు. కొత్త రైడ్‌కు ఆధారం 2009లో వచ్చిన ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్. అందులోని టియానా డిస్నీవారి మొదటి నల్లజాతి రాకుమారి. మార్పును 2020 జూన్‌లోనే ప్రకటించారు. ఇంతవరకు తెలియడం వల్ల నాకు నష్టం లేదు.

నేను దాచుకుంటున్నది వేరు. పాత రైడ్‌లో నక్కకూ ఎలుగుబంటికీ చిక్కిన కుందేలు, 'నన్నేమైనా చేయండి గాని ఆ ముళ్ళపొదలో మాత్రం పడేయకండి' అని బతిమాలుతుంది. అవి అక్కడే పడేస్తాయి. ముళ్ళపొదలోనే పుట్టి పెరిగిన కుందేలు హాయిగా తప్పించుకుంటుంది. డిప్ప మెత్తబడాలంటే నీళ్ళలో నానబెట్టమని నక్కకు చెప్పి జారుకున్న మన తాబేలు కథ దీనికి సాక్షాత్తూ పినతల్లి బిడ్డ. చీకట్లో పడవ టకటకమంటూ పైకి పోతుంటే, పక్కన రెండు రాబందులు మన గతి ఇక ఇంతేనన్నట్లు వెక్కిరించేవి. కొన మీద పలకంత ఆకాశం కనబడేది. అది చూస్తుండగానే సుమారు 50 అడుగులు కిందికి, ఆ ముళ్ళపొదలోకే, జారిపోయేవాళ్ళం. ఆ జారుడుకు కథలో ఒక కారణం ఉండేది. ఇప్పుడు కుందేలు లేదు, నక్క లేదు, జారుడు మాత్రం అలాగే ఉంది. టియానా కథలో మనం ఎందుకు జారాలి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబును పడవలో కూర్చునే తెలుసుకోవాలని నా పంతం.

దారి పాతదే అయితే కొత్తదనం ఏముంటుందని మా తమ్ముడు అంటాడు. నౌపడ–గుణుపురం చిన్న రైలును 2004లో ఆపేసి బ్రాడ్‌గేజ్ వేసిన తరువాత, ఆ దారిలో మొదటిసారి పెద్ద బండి ఎక్కిన రోజు నాకు బాగా గుర్తుంది. మలుపు దగ్గర బండి ఊగలేదు, నేను ఊగాను. పాత కుదుపు కోసం నా భుజం ముందే సిద్ధమై, ఎదుటాయన మీదికి వాలింది. దారి తెలిసిన ఒంటికి కొత్త బండి ఎంత వింతగా ఉంటుందో ఆ రోజే అనుభవమైంది. ఆ వింతను వీడియోలో ముందే ఖర్చు చేసుకోవడం నాకిష్టం లేదు.

ఒకసారి ప్రమాదం అంచుదాకా వచ్చింది. దసరా సెలవుల్లో మా మేనల్లుడు హాలులో టీవీ మీద ఆ వీడియో పెట్టాడు. నేను స్నానాల గదినుంచి వస్తున్నాను. ట్రంపెట్ మోత ఒకటి వినబడగానే తడి తువ్వాలు తలకు చుట్టుకుని, గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచాను. మా అమ్మ పళ్ళు నొప్పా అని అడిగింది.

అన్నయ్య కూతురు ఇప్పటికే నాలుగుసార్లు ఎక్కింది. 'చిన్నాన్నా, ఒక్క ముక్క చెప్పనా, ఏం పాడవదు' అని వారానికొకసారి వాట్సాప్‌లో అడుగుతుంది. చెబితే తనకు తెస్తానన్న బరంపురం అప్పడాలు తేనని బెదిరించి ఆపుతున్నాను. డిసెంబరులో తను నా వెనక వరుసలో కూర్చోవాలని ఒప్పందం రాయించుకున్నాను. పక్కన కూర్చుంటే, ఏ మలుపులో ఏమి రాబోతోందో తన ముఖమే ముందుగా చెప్పేస్తుంది.