డ్రైవర్ సీటు మరమ్మతు: లోపం పట్టాల్లో కాదు, కేబుల్‌లో

డ్రైవర్ సీటు ముందుకూ వెనక్కూ జరగడం మానేసి నెల రోజులైంది. కింద ఉన్న మీటను పైకెత్తితే తలుపు వైపు భాగం అరంగుళం కదిలి, సీటంతా కొద్దిగా ఓరగా తిరిగి, అక్కడే బిగుసుకుపోయేది. టార్చిలైటు వేసి చూస్తే పట్టాల్లో ఇసుక, ఎండి గట్టిపడిన గ్రీజు కనిపించాయి గనుక లోపం అక్కడే ఉందనుకొని ఒక సాయంత్రమంతా బ్రష్షుతో వాటిని శుభ్రం చేశాను. ఫలితం లేదు. ఒక వైపు కదిలి రెండో వైపు కదలకపోవడమే అసలు ఆధారమని మరునాడు గాని నాకు తట్టలేదు.

ఈ సీటుకు రెండు పట్టాలు, ఒక్కోదానికి ఒక లాక్ ఉన్నాయి. మీట తలుపు వైపు లాక్‌ను నేరుగా విడిపిస్తుంది. లోపలి వైపు లాక్‌ను ఒక సన్నని కేబుల్ ద్వారా లాగుతుంది. మీటను ఇంకొకరి చేత ఎత్తించి, వెనక నుంచి వంగి చూసినప్పుడు, లోపలి తీగకు బదులు కేబుల్ పైతొడుగే జరుగుతూ కనిపించింది. తొడుగు చివరను చట్రానికి పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు పగిలిపోయింది. ఆ లాక్‌ను స్క్రూడ్రైవరుతో నొక్కి పట్టగానే సీటు సాఫీగా జరిగింది కాబట్టి పట్టాలు బాగున్నాయని తేలింది.

సీటు పక్కభాగంలో ఎయిర్‌బ్యాగ్ ఉన్నందున, ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, కారు మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగిన తర్వాతే సీటు కింది పసుపు కనెక్టరును విడదీశాను. అది ఊడి ఉండగా ఇగ్నిషన్ వేయకూడదు. వేస్తే ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక దీపం వెలుగుతుంది. లోపలి లాక్‌ను మళ్లీ స్క్రూడ్రైవరుతో నొక్కి పట్టి, ముందు బోల్టుల కోసం సీటును వెనక్కి, వెనక బోల్టుల కోసం ముందుకు జరిపి, నాలుగింటినీ విప్పాను.

పగిలిన క్లిప్పును ఇనుప తీగతో కట్టేయవచ్చు గాని, ఆ పని చేయలేదు. కట్టు బిగువై కేబుల్ కొద్దిగా లాగినట్టే ఉండిపోతే లాక్ పళ్లు పట్టాలోని గాళ్లలోకి పూర్తిగా దిగవు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు సీటు జారుతుంది. అందుకే కొత్త కేబుల్ వేసి, పాత గ్రీజును పూర్తిగా తుడిచి, పట్టాలకు పలుచగా లిథియం గ్రీజు రాశాను.

ఎక్కువ సమయం తీసుకున్నది తిరిగి బిగించడమే. రెండు పట్టాలూ ఒకే గాడిలో ఉన్నాయని కంటితో చూసి నమ్మాను. బోల్టులు బిగించాక చూస్తే తలుపు వైపు లాక్ టక్కుమని పడింది గాని లోపలి లాక్ పళ్లు గాళ్ల అంచు మీదే నిలిచాయి. మళ్లీ విప్పి, ముందు చివర నుంచి రెండు వైపులా గాళ్లు లెక్కపెట్టగా ఒకటి తేడా వచ్చింది. దాన్ని సరిచేసి, నాలుగు బోల్టులనూ చేత్తో పట్టించి, ఆ తర్వాత మాన్యువల్‌లోని కొలత ప్రకారం టార్క్ రెంచితో (బిగువును కొలిచి బిగించే పానాతో) బిగించాను. ఇప్పుడు ప్రతి గాడిలోనూ మీట వదలి, సీటును ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపి చూస్తే రెండు లాకులూ ఒకేసారి పడుతున్నాయి.